గులాబీ దారం కట్టిన కుర్చీ

మొన్న ఆదివారం నేను మా తమ్ముని ఇంట్లో ఉంటే, వాడి కూతురు, హిందూపురంలో డిగ్రీ ముగించిన నా మేనకోడలు, పై చదువుకు ఏదో ఫెలోషిప్పు ఇస్తారంటే దానికి అప్లికేషను పెట్టుకుంటూ ఫోను పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ ఉంది. ఇప్పుడంతా ఫోనులోనే కదా. ఇంటి ఫోటో ముందు నుంచి ఒకటి, లోపలి గది ఒకటి అడిగిందట. తీసుకో తల్లీ అని నేను చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చున్నానా, ఈ పిల్ల ఏం చేస్తోందా అని తలెత్తి చూస్తే, కోడు విరిగి ఇటుకల మీద నిలబెట్టిన మంచాన్ని వంటింట్లోకి ఈడుస్తోంది, పక్కింటి నుంచి అడిగి తెచ్చిన కొత్త దుప్పటిని పాత కుర్చీల మీద పరుస్తోంది. “ఆ మంచం యాడుండాదో ఆడే పెట్టు!” అని నేను వేసిన కేకకు ఒళ్ళో చేట కింద పడి చిక్కుడు గింజలు ఇల్లంతా దొర్లిపోయాయి. ఆ పిల్ల బిత్తరపోయి, “ఫోటోలో బాగుండదు కదత్తా” అంది. బాగుండడం అనేది ఒక మనిషికి ఎంత చేటు చెయ్యగలదో దానికి ఎట్లా చెప్పేది? పాతికేళ్ళుగా ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు. మన ఈడు వాళ్ళకైతే నా బాధ అర్థమవుతుందని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

తొంభైల మొదట్లో మా వైపు డిగ్రీ పాసు కావడమే పెద్ద సంగతి, ఆ పైన చదువు అంటే అనంతపురం పోయి హాస్టల్లో ఉండి రెండేళ్ళు చదవాలి, అది మా బోటి వాళ్ళ ఊహకు కూడా అందేది కాదు. మాది గుడిబండ దగ్గర పల్లె. వేరుశనక్కాయ మీద బతికే ఇల్లు, వానొస్తే నాలుగు గింజలు, రాకపోతే లేదు. నేను చదివిన హిందూపురం కాలేజీలో, పేరు ఎందుకు లెండి, నూనె మిల్లు నడిపిన ఒక పెద్దాయన పిల్లల్లేక తన ఆస్తిని కాలేజీకి రాసిచ్చి, ఏటా డిగ్రీ అయిన ఒకరికి, ఒక్కరికే, పై చదువుకు రెండేళ్ళ ఖర్చంతా ఫెలోషిప్పుగా ఇచ్చే ఏర్పాటు చేశాడు. ఆయన పెట్టిన నిబంధన ఒకటి చాలా విచిత్రంగా ఉండేది. ఫెలోషిప్పు తీసుకున్న వాళ్ళు పైసా తిరిగి ఇవ్వనక్కరలేదు; దానికి బదులు, ఉద్యోగమొచ్చాక ఎప్పుడైనా కాలేజీ నుంచి ఉత్తరం వస్తే, కొత్తగా అడిగిన పిల్లల్లో ఒకరి ఇంటికి పోయి, వాళ్ళు పెట్టింది తిని, ఇల్లూ వాకిలీ చూసి వచ్చి ఒక పేజీ రాసివ్వాలి. ఆ పేజీలో చిట్టచివరి ప్రశ్న, “ఇది లేకుంటే ఈ బిడ్డ చదువు ఆగిపోతుందా?” అని. దానికి జవాబు ఒక్క మాటే. ఆగుతుంది, లేకపోతే ఆగదు. కమిటీ పెద్దలు పైన రాసిందంతా చదివేవాళ్ళో లేదో కానీ, ఆ ఒక్క మాట చూసి తేల్చేసేవాళ్ళు.

మా ఇల్లు చూడడానికి నాకంటే ఆరేడేళ్ళ ముందు ఫెలోషిప్పు తీసుకున్న ఒక సారు వచ్చాడు. నేను ముందు రోజంతా అలికి, ముగ్గేసి, ఉన్న ఒక్క మంచి చీర మా అమ్మకు కట్టబెట్టి, నోరు మెదపొద్దని మా అవ్వకు వంద సార్లు చెప్పి పెట్టుకున్నాను. మా అవ్వ మాట వినే మనిషా! ఆ సారు వచ్చి చాప మీద కూర్చున్నాడో లేదో చెయ్యి పట్టుకుని లేపి, “ఇట్ల రా నాయనా, ముందు ఇది చూడు” అని ఖాళీ గాదె మూత తీసి చూపించింది, వాన కురిసే దూలం చూపించింది, రాగిముద్దలోకి ఊరిబిండి పచ్చడి తప్ప మూడు దినాలుగా కూరాకు లేదని చెప్పింది, చివరికి మా నాయన చిరుగుల పంచె కూడా దండెం మీది నుంచి తీసి చూపించింది. “దుడ్లుంటే నిన్నెందుకు పిలుస్తాం, చెప్పు?” అని ఆయన్నే దబాయించింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన పోయినాక మూడు రోజులు నేను అవ్వతో మాట్లాడలేదు. పదిహేను రోజులకు ఉత్తరం వచ్చింది, ఫెలోషిప్పు నాకే అని. సిగ్గు లేని ముసల్ది అని నేను తిట్టుకున్న ఆ మనిషే నన్ను చదివించిందని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. తెలిసేసరికి ఆమె లేదు.

అనంతపురంలో వృక్షశాస్త్రం చదివి, పెనుకొండ జూనియర్ కాలేజీలో లెక్చరరుగా చేరాను. కొండకు ఎదురుగా చిన్న అద్దె ఇల్లు, చేతికి గడియారం, భుజానికి హ్యాండ్‌బ్యాగు, పిల్లలంతా మేడం మేడం అంటుంటే నా కళ్ళు కాస్త నెత్తికెక్కాయనే చెప్పాలి. కాలేజీ నుంచి నాకు మొదటి ఉత్తరం వచ్చినప్పుడు నల్లచెరువు దగ్గర ఒక పల్లెకు పోయి, ఒక కూలీ వాళ్ళ పిల్లవాడి ఇల్లు చూసి, “ఆగుతుంది” అని రాసి, అతనికి ఫెలోషిప్పు రావడం చూసి, ఇంత మంచి పని నా చేతి మీదుగా జరిగిందని ఎగిరెగిరి పడ్డాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో రెండో ఉత్తరం వచ్చింది. ఈసారి ధర్మవరం. మగ్గాల వీధిలో ఒక నేతన్న కూతురు, లెక్కల్లో కాలేజీకి మొదటిది, యూనివర్సిటీలో సీటు కూడా వచ్చేసింది. నెలాఖరులోగా చేరాలి, లేకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

పెనుకొండలో పొద్దున ప్యాసింజరెక్కి ధర్మవరంలో దిగాను. ఆ పిల్ల నాయన స్టేషన్ దగ్గరే నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు, వీధిలో అందరూ మా వైపు చూస్తూ నవ్వుతున్నారు, అది నాకు మర్యాద అనుకున్నాను. ఇంట్లోకి అడుగు పెట్టగానే ఆశ్చర్యపోయాను. గుమ్మానికి కొత్త పరదా. లోపల బీరువా, దాని పక్కన చిలకలు కుట్టిన గుడ్డ కప్పిన కలర్ టీవీ, గిర్రుమని తిరిగే టేబుల్ ఫ్యాను, నీలం రంగు ప్లాస్టిక్ వైరు అల్లిన ఇనప కుర్చీలు నాలుగు. “రండమ్మా, ఈడ ఫ్యాను ముందర కూర్చోండి” అని ఒక కుర్చీని తన తువ్వాలుతో తుడిచి వేశాడు. దాని వైరు ఒకచోట తెగిపోతే గులాబీ రంగు పట్టుదారంతో ముడేసి కట్టారు; మగ్గాల వీధి కదా, తాడుకు బదులు కూడా పట్టే వాడతారని మనసులో నవ్వుకున్నాను.

నెయ్యి కారే ఓళిగలు, బొబ్బట్లంటారే అవి, పెట్టారు, వద్దంటే ఇంకొకటి వేశారు. పసుపు కుంకుమ ఇచ్చి, పళ్ళెంలో ఆకుపచ్చ పట్టు రవిక గుడ్డ పెట్టారు. ఆయన మాత్రం మాకేం కొదవ లేదమ్మా, అంతా బాగుండాది, బిడ్డ బాగా చదువుతాది అని చెప్పిందే చెబుతున్నాడు. ఆ పిల్ల వెనక గది గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. సన్నగా, పొడుగ్గా, కాలి బొటనవేలితో నేలను గీస్తూ. నేను అడిగిన వాటికి తప్ప మాట్లాడలేదు. నేను లేవబోతుంటే మాత్రం ఒక్క అడుగు ముందుకు వేసి, “మేడం, లోపలికొచ్చి మగ్గం చూసి పోండి” అంది. వాళ్ళ నాయన చప్పున, “అదేం చూస్తారు లేమ్మా, వాళ్ళకు టైమైతాది” అన్నాడు. ఆ పిల్ల కదల్లేదు, నా మొహంలోకే చూస్తూ, “ఒక నిమిషం మేడం, అంతే” అంది. నేను గడియారం చూసుకున్నాను. మధ్యాహ్నం బస్సు పోతే సాయంత్రం దాకా ఏదీ లేదు, మర్నాడు దిద్దాల్సిన పేపర్లు కట్టలు కట్టలుగా ఉన్నాయి. “ఇంకోసారి వచ్చినప్పుడు చూస్తాలే తల్లీ, బస్సు తప్పిపోతుంది” అన్నాను. ఆ పిల్ల సరే అన్నట్టు తలూపి, పరదా పక్కకు జరిపి నాకు దారి ఇచ్చింది.

బస్సులో కూర్చున్నప్పటి నుంచీ నాకు ఒళ్ళు మండిపోయింది, ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుపడను. మా ఇంట్లో చాప తప్ప ఇంకేమీ లేని రోజుల్లో మా అవ్వ పరువు పోగొట్టుకుని తెచ్చిన ఫెలోషిప్పును, ఇదిగో, టీవీ, బీరువా ఉన్నవాళ్ళు కూడా ఉచితంగా వస్తుంది కదా అని అడుగుతున్నారు అనుకున్నాను. నన్ను ఓళిగలతో, రవిక గుడ్డతో బుట్టలో వేసుకోవాలని చూశారనుకున్నాను. నా అంత తెలివైనది లేదనుకున్నాను. ఇంటికి పోగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా పేజీ తీసి, ఏమేమి సామాన్లు చూశానో వరుసగా రాసి, అడుగున పెన్ను కాగితంలో దిగేటట్టు రాశాను, “ఆగదు” అని. ఆ ఏడు ఫెలోషిప్పు తాడిమర్రి వైపు పిల్లవాడికి పోయింది.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ ఉత్తరం. మళ్ళీ ధర్మవరం, ఈసారి అబ్బాయి, అదే వీధిలో నాలుగిళ్ళ అవతల. మంచిదే, ఆ పిల్ల ఏమైందో కూడా కనుక్కోవచ్చు అనుకుంటూ పోయాను. ఆ ఇంట్లోకి పోయి, వాళ్ళు చూపించిన కుర్చీలో కూర్చుని చెయ్యి పక్కకు పెడితే వేళ్ళకు మెత్తగా ఏదో తగిలింది. వంగి చూశాను. గులాబీ రంగు పట్టుదారం ముడి. తలెత్తి చూస్తే ఎదురుగా చిలకలు కుట్టిన గుడ్డ, దాని కింద అదే టీవీ, అదే ఫ్యాను, గుమ్మానికి అదే పరదా. మంచినీళ్ళు తెచ్చిన ఆ ఇంటి అవ్వను, ఈ కుర్చీలు ఎవరివమ్మా అని అడిగాను. ఆమె బోసినోటితో పకపకా నవ్వి, “కనిపెడితివా! కుర్చీలు హెడ్మాస్టరు ఇంటివి, టీవీ కాంపౌండరుది, బీరువా ఆ మూలింటిది. పెండ్లి చూపులకైనా, బ్యాంకోళ్ళొచ్చినా ఈ వీధిలో ఎవురింటికైనా అవే వస్తాయి, అవే పోతాయి” అంది. నేను అదిరిపోయి, మరి నేను వచ్చింది లేనివాళ్ళకు ఇవ్వడానికి కదమ్మా అన్నాను. ఆమె నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసి, “లేనోళ్ళకు ఎవురిస్తారమ్మా? మేం బ్యాంకుకు పోయి లోను అడిగితే, ఇంట్లో ఏముండాదని చూసే కదా ఇస్తాండారు?” అంది.

ఆ మాట నిజమే కదా. వాళ్ళ బతుకంతా చూసింది అదే. ఏదైనా ఇచ్చేవాడు వస్తున్నాడంటే ఉన్నట్టు కనిపించాలి, లేదని తెలిస్తే ఇచ్చే చెయ్యి వెనక్కి పోతుంది. పదిమంది ఇళ్ళ సామాను మోసుకొచ్చి, ఎవరి ఇంటి నుంచో నెయ్యి అడిగి తెచ్చి, ఆ మనిషి తన కూతురి చదువు కోసం చెయ్యగలిగిందంతా చేశాడు. ఆ పిల్లకు మాత్రం సంగతి తెలుసు. కాలేజీలో చదివింది, ఫారం తన చేత్తో నింపింది. అంత మంది ముందు నాయనను కాదని నోరు విప్పలేక, ఆ ఒక్క మాట అడిగింది నన్ను. మగ్గం చూసి పోండి అని.

నేను లేచి, నాలుగిళ్ళ అవతలికి ఇంచుమించు పరిగెత్తాను. తాళం వేసి ఉంది. పక్కింటావిడ గోడ మీది నుంచి చెప్పింది, ఏడాదిన్నర అయింది, అందరూ దొడ్డబళ్ళాపురం పోయినారు, ఆడ మిషన్ మగ్గాల్లో కూలికి, బిడ్డ బట్టల కుట్టు ఫ్యాక్టరీలో చేరిందని. నేను సందులోంచి వెనక్కి పోయి కిటికీ రెక్క తోసి చూశాను. కప్పు సగం కూలిపోయిన గది, మధ్యలో కాళ్ళు పెట్టుకునే గుంత, దాని మీద మగ్గం లేదు. మగ్గం ఎప్పుడు అమ్మేశారు అని అడిగితే, మీరు వచ్చిపోయిన దానికి నాలుగు నెలలు ముందే అంది ఆమె. ఆ రోజు ఆ పిల్ల నాకు చూపించాలనుకున్నది ఆ ఉత్త గుంతను.

ఆ అబ్బాయికి “ఆగుతుంది” అని రెండు సార్లు గీత గీసి రాసి, నేరుగా హిందూపురం పోయి కమిటీ పెద్దల ముందు నిలబడి నా తప్పు చెప్పాను. వాళ్ళు మంచివాళ్ళే, కానీ ఆ ఏడు ముగిసిపోయింది, సీటు పోయింది, వయసు నిబంధన కూడా దాటింది, ఇప్పుడు ఏం చెయ్యగలమమ్మా అన్నారు. దొడ్డబళ్ళాపురానికి మూడు సార్లు పోయాను. షిఫ్టు వదిలే వేళకు ఫ్యాక్టరీ గేట్ల ముందు నిలబడితే వందల మంది ఆడపిల్లలు టిఫిను క్యారియర్లు పట్టుకుని వచ్చేవాళ్ళు, సన్నగా పొడుగ్గా ఉన్న ప్రతి పిల్ల వెనకా నాలుగడుగులు వేసేదాన్ని. అప్పటి నుంచి క్లాసులో ఎవరైనా గుమ్మం పట్టుకుని నిలబడితే నాకు పాఠం మరిచిపోయేది. కలలో ఎవరో పరదా పక్కకు జరిపేవాళ్ళు, నేను మాత్రం గడియారమే చూసుకునేదాన్ని. ఆ రవిక గుడ్డను కుట్టించుకోలేదు, ఎవరికీ ఇవ్వలేదు, పారెయ్యలేదు, బీరువా అడుగున అట్లాగే ఉంది.

ఆ దశాబ్దం చివర్లో, బెంగుళూరు నుంచి వస్తూ ప్యాసింజరు రైల్లో కూర్చుని ఉంటే, దొడ్డబళ్ళాపురంలో ఒక ముసలాయన, ఒక ఆడమనిషి ఎక్కి నా ఎదురుగా కూర్చున్నారు. దగ్గరగా వంగి చూసి ఆయనే నన్ను గుర్తుపట్టాడు. “మేడం కదా! మా ఇంటికొచ్చింటిరే, జ్ఞాపకముందా?” అని చెయ్యెత్తి దండం పెట్టాడు. జుట్టంతా నెరిసిపోయింది, చూపు తగ్గింది. పక్కనున్నది ఆ పిల్లే. కాస్త ఒళ్ళు చేసింది, ఫ్యాక్టరీలో సూపర్‌వైజరట. ధర్మవరంలో చుట్టాల పెండ్లికి పోతున్నారు. ఇన్నేళ్ళు మనసులో వంద సార్లు చెప్పుకున్న మాటలు గొంతు దాకా వచ్చాయి. తప్పు నాదే, నేనే అట్లా రాశాను, ఇల్లు చూసి మోసపోయి రాశాను అని చెప్పాలని నోరు తెరిచాను.

అంతలో ఆయనే అందుకున్నాడు. మూట విప్పి నా చేతిలో బొరుగులు పోస్తూ, మీ మీద మాకేం కోపం లేదమ్మా, మీరు బాగానే రాసింటారు, ఆ ఏడు మాకంటే గట్టోళ్ళు ఎవరో వచ్చింటారు అన్నాడు. అని, ఊరుకోకుండా, చెవిలో రహస్యం చెప్పినట్టు ముందుకు వంగి, “డాక్టరింట్లో ఫ్రిజ్జి ఉండె మేడం. బరువని నేనే వద్దంటి. ఆ దినం అది కూడా మోసుకొచ్చి పెట్టింటే మా బిడ్డకు వచ్చిండేది” అన్నాడు.

నేను ఆ పిల్ల మొహం చూశాను. ఆమె నన్నే చూస్తూ తల అటూ ఇటూ, కనపడీ కనపడనట్టు ఆడించింది. వద్దు అని. నేను నిజం చెబితే నా బరువు దిగుతుంది. దిగి, ఆయన నెత్తిన పడుతుంది. నా కూతురి చదువును నేనే, ఈ చేతులతోనే మోసుకొచ్చి పోగొట్టానా అని ఆ ముసలాయన మిగిలిన బతుకంతా ఏడవాలి. నేను బొరుగులు నోట్లో వేసుకుని, “అవునన్నా, ఆ ఏడు పోటీ చానా ఎక్కువుండె” అన్నాను. అంత అబద్ధం నేను జీవితంలో ఆడలేదు. ఆయన తృప్తిగా తలూపాడు.

పెనుకొండ వస్తుంటే ఆమె నా సంచి పట్టుకుని తలుపు దాకా వచ్చింది. దిగేముందు, “మీరు ఆ దినం బస్సు అనగానే నాకు తెల్సిపోయింది మేడం” అంది. కోపంగా అనలేదు, అదే నా బాధ. సంచి నా చేతికిచ్చి, మెట్టు చూసుకుని దిగండి అని చెప్పి లోపలికి పోయింది. ఆ తర్వాత వాళ్ళను నేను చూడలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు చూసి వచ్చే పద్ధతి లేదు. పెద్దాయన పోయిన కొన్నేళ్ళకు ఎవరో అది పాతకాలపు పద్ధతి అని తీసేశారు. ఎవరూ ఎవరింటికీ పోరు, ఎవరూ ఓళిగలు పెట్టరు, వీధి వీధంతా కలిసి కుర్చీలు మోసుకురావలసిన పని లేదు. అంతా ఫోను చూసుకుంటుంది. మా మేనకోడలు నా అరుపుకు జడిసి మంచాన్ని మళ్ళీ తెచ్చి ఇటుకల మీద నిలబెట్టి, దుప్పటి పక్కింటికి ఇచ్చేసి, ఉన్నది ఉన్నట్టు ఫోటో తీసింది. వెనకవైపు కూడా తియ్యి, ఆ కూలిన గోడ తియ్యి అని నేను వెంటపడితే, అందులో రెండు ఫోటోలకే చోటుంది అత్తా, మూడోది తీసుకోదు అని చూపించింది. నిజమే, తీసుకోలేదు. ఆ పిల్ల తన ఫోను జేబులో పెట్టుకుని, నాతో పాటు నేల మీద కూర్చుని చిక్కుడు గింజలు ఏరుతూ, ఎందుకు ఏడుస్తున్నావత్తా అని అడిగింది. ఆ ఫోను తప్పు చేసినా దానికి పాపం లేదు, దాన్ని ఎవరూ లోపలికి రమ్మని పిలవలేదు. నన్ను పిలిచారు.